పర్ర నేలలో ఇనుప పైపు: మా నీళ్ల లైను డైరీ

జనవరి 19

సంక్రాంతి సెలవు నుంచి వచ్చేసరికి పాత లైను మళ్లీ పగిలి ఉంది. రిజిస్టరు తీసి చూస్తే ఏడాదిలో ఇది పదకొండోసారి. ఐసు ప్లాంటు ఒకటిన్నర రోజు ఆగింది. ట్యాంకర్లతో నీళ్లు తోలించుకున్నాం.

ఓనరు గారు ఈసారి అతుకు వెయ్యమనలేదు. "మొత్తం మార్చేద్దాం. వేసవి పట్టుబడి మొదలయ్యేలోపల అయిపోవాల. ఏం పైపు వేస్తావో నువ్వే తేల్చు" అన్నారు. తేల్చే పని నా నెత్తిన పడింది కాబట్టి ఈ డైరీ మొదలుపెట్టాను. పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు ఈ లైను తవ్వుతారు. ఏ చోట ఏ పైపు ఉందో, ఎందుకు వేశారో వాళ్లకు తెలియాలి. పాత లైను వేసినవాళ్లు నాకు ఒక్క కాగితం ముక్క కూడా మిగల్చలేదు.

మా చోటు సంగతి. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, సముద్రానికీ పెన్నకూ మధ్య మూల. రొయ్యలను శుభ్రం చేసి గడ్డకట్టించే ప్లాంటు, దాని పక్కనే ఐసు ప్లాంటు. ప్లాంటు కింద ఎక్కడ బోరు వేసినా ఉప్పే. తీపి నీళ్లు కావాలంటే పెన్న వైపు ఇసుక నేలలో ఉన్న మా రెండు బోర్లే దిక్కు. అక్కడి సంపు నుంచి ప్లాంటు ట్యాంకు దాకా టేపు పట్టి కొలిస్తే 1,850 మీటర్లు. మొదట 430 మీటర్లు ఇసుక, తర్వాత 680 మీటర్లు రోడ్డు పక్కన నల్ల బంకమట్టి, చివరి 740 మీటర్లు రొయ్యల గుంటల మధ్య పర్ర, అంటే ఉప్పు బురద నేల.

పాత పైపు ఏసీ, అంటే ఆస్‌బెస్టాస్ సిమెంటు. అదురు తట్టుకోలేదు. మేత లారీ రోడ్డు అంచు దిగిన చోటల్లా పగిలింది. దాన్ని తవ్వి తీయొద్దని, కోయొద్దని మొదటిరోజే అందరికీ చెప్పాను. కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పక్కనే కొత్త గాడి తవ్వుకుంటాం, పాతది భూమిలోనే ఉండిపోతుంది.

జనవరి 22

ముందు సైజు. మాకు గంటకు 60 వేల లీటర్లు కావాలి, రోజుకు పది గంటల పంపింగు. డీలరు ఫోన్లో "150 మిల్లీమీటర్ల పైపు సరిపోతుంది సార్" అన్నాడు. సరిపోతుంది, అబద్ధం కాదు. కానీ రాపిడి లెక్క వేస్తే 150 డీఐ (డక్టైల్ ఐరన్, అంటే సాగే గుణమున్న పోత ఇనుము) పైపులో ఈ దూరానికి పోయే హెడ్, అంటే పంపు అదనంగా ఎత్తాల్సిన ఎత్తు, తొమ్మిదిన్నర మీటర్ల పైచిలుకు. 200 అయితే రెండు మీటర్లు దాటి కొంచెం. తేడా ఏడు మీటర్లు. ఆ ఏడు మీటర్లను పంపు రోజూ మోయాలి. అంటే సుమారు రెండు కిలోవాట్లు, నెలకు ఆరు వందల యూనిట్లు. పైపు ఒక్కసారి కొంటాం, కరెంటు బిల్లు నెలనెలా కడతాం. 200 అని రాసుకున్నాను.

ఇక్కడ చాలామంది బోల్తాపడే విషయం ఒకటి ఉంది, నేనూ ఒకప్పుడు పడ్డాను. డీఐలో 200 అంటే లోపలి కొలతకు దగ్గర. బయటి కొలత 222 మిల్లీమీటర్లు ఉంటుంది, గోడ మందం, సిమెంటు పూత తీసేస్తే లోపల 205 దాకా మిగులుతుంది. హెచ్‌డీపీఈ, అంటే నల్ల ప్లాస్టిక్కు పైపులో 200 అంటే బయటి కొలత. పది కేజీల ప్రెషరు రకంలో గోడే దాదాపు 12 మిల్లీమీటర్లు, కాబట్టి లోపల 176 మాత్రమే మిగులుతుంది. రెండు కొటేషన్లలోనూ "200" అనే రాసి ఉంటుంది. ధర పక్కపక్కన పెట్టి చూస్తే హెచ్‌డీపీఈ చవగ్గా కనపడుతుంది. కానీ అదే నీటికి దాని రాపిడి రెండింతలు దాటుతుంది. 200 డీఐకి జోడీ 225 హెచ్‌డీపీఈ. పోల్చేవాళ్లు ఆ రెండింటిని పోల్చాలి. ఓనరు గారికి కాగితం మీద రెండు గుండ్రాలు గీసి చూపిస్తే ఒక్క నిమిషంలో అర్థమైంది.

జనవరి 27

కొటేషన్లు ఐదు వచ్చాయి. పీవీసీని లారీలున్న రోడ్డు పక్కన వేసే ధైర్యం నాకు లేదు. ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపు గట్టిదే, కానీ వెల్డింగు చేసిన ప్రతిచోటా లోపలా బయటా పూత మళ్లీ వెయ్యాలి. 200 పైపు లోపలికి చెయ్యి ఎంత దూరం పోతుంది? ఆ రెండూ పక్కన పెట్టేశాను. మిగిలింది డీఐ, హెచ్‌డీపీఈ.

మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు అడిగాడు: "పోత ఇనుమే కదా సార్, అదీ పగులుద్ది గదా?" మంచి ప్రశ్నే. పాత పోత ఇనుములో కర్బనం రేకులు రేకులుగా పరుచుకుని ఉంటుంది. ఒక్కో రేకు ముందే ఉన్న చిన్న పగులు లాంటిది, దెబ్బ పడితే పగులు దాని వెంటే పరిగెడుతుంది. కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే ఆ కర్బనం రేకులు కట్టకుండా గుండ్రటి గింజలు కడుతుంది. పగులుకు పరిగెత్తే దారి ఉండదు, ఇనుము విరిగే ముందు సాగుతుంది. 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ అనే లోహ శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు, 1949లో పేటెంటు వచ్చింది. మన దేశపు డీఐ ప్రమాణం ఐఎస్ 8329 ప్రకారం డీఐ పైపు ఇనుము విరిగేలోపు కనీసం పది శాతం సాగాలి, 420 మెగాపాస్కల్ లాగుడు తట్టుకోవాలి. పాత పోత ఇనుము సాగడం అంటూ దాదాపు ఉండదు.

ఇక కే7, కే9 గొడవ. ఇవి గోడ మందం తరగతులు. గోడ మందానికి చిన్న సూత్రం: పైపు సైజును మీటర్లలో రాసి, దానికి 0.5 కలిపి, కే నంబరుతో గుణిస్తే మందం మిల్లీమీటర్లలో వస్తుంది. సైజు 0.2, దానికి 0.5 కలిపితే 0.7. కే9కి 6.3, కే7కి 4.9, అంటే ఐదనుకోవచ్చు. డీలర్లందరూ కే9 అంటారు, "స్ట్రాంగు సార్" అంటారు. మా లైనులో పని చేసే ప్రెషరు మూడు బార్లు. కే7 కూడా దానికి ఎన్నో రెట్లు మోస్తుంది. ప్రెషరు కోసం కే9 కొనడమంటే గుడిసెకు కోట గుమ్మం పెట్టినట్టు. పైపుకు రంధ్రం కొట్టి మర వేసి కనెక్షన్లు తీసేవాళ్లకు మందం పనికొస్తుంది, మేం మధ్యలో ఎక్కడా కనెక్షను తీయం. కే7 తీసుకుని మిగిలిన డబ్బు పైపు బయట పెడతానని చెప్పాను. ఓనరు గారు "బయట పెట్టడమేంది?" అన్నారు. "నేల కొలిచాక చెప్తానండీ" అన్నాను.

ఫిబ్రవరి 1

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు. ఖర్చు దాదాపు సున్నా.

ఇనుప పైపును లోపలి నీళ్లకన్నా బయటి మట్టే ముందు తింటుంది. లోపల సిమెంటు పూత ఉంటుంది. ఈ సైజుకు మూడు మిల్లీమీటర్లు. ఆ సిమెంటు క్షారం ఇనుమును కాపాడుతుంది. బయట జింకు పూత, దాని మీద నల్ల బిటుమెన్. మామూలు నేలకు అది చాలు. మాది మామూలు నేల కాదు. మట్టి ఎంత తినేస్తుందో తెలుసుకోవడానికి సులువైన దారి, అందులో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూడడం. ఉప్పు, తడి ఎక్కువైతే కరెంటు బాగా పారుతుంది, తుప్పూ బాగా పడుతుంది.

ఎర్తింగు కొలిచే మీటరు మా దగ్గర ఉండనే ఉంది. నాలుగు కడ్డీలు ఒకే వరసలో ఒకటిన్నర మీటరు ఎడంతో దింపి, బయటి రెండింటి మధ్య కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య కొలవడమే. వచ్చిన ఓములను 9.42తో గుణిస్తే ఓమ్-మీటర్లు. రెండు పైలు, దాన్ని ఎడంతో గుణించడం, అంతే.

ఇసుకలో 14 ఓములు, అంటే 132 ఓమ్-మీటర్లు. ఇనుము ఇక్కడ హాయిగా పడుకోవచ్చు. రోడ్డు పక్క బంకమట్టిలో 2.2, అంటే 21 కన్నా కొంచెం తక్కువ. పర్రలో మీటరు 0.17 చూపించింది. ఒకటిన్నర దాటి చిల్లర! కుర్రాడు మీటరు పాడైందనుకుని వైర్లు మార్చి మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది. ఆ మట్టిని పిండితే ఉప్పునీళ్లే కారతాయి మరి.

యూరప్ వాళ్ల డీఐ ప్రమాణంలో ఒక హద్దు ఉంది: నీటిమట్టానికి పైన ఉన్న నేల 15 ఓమ్-మీటర్ల కన్నా తగ్గితే, నీటిమట్టానికి కింద అయితే 25 కన్నా తగ్గితే, ఉత్త జింకు పూతను నమ్మకూడదు. రోడ్డు పక్క ముక్క సరిగ్గా ఈ రెంటికీ మధ్యన ఇరుక్కుంది. ఈరోజు గుంట తీసి చూస్తే నీళ్లు రెండు మీటర్ల లోతున ఉన్నాయి, ఆ లెక్కన పాసు. కానీ ఇది నెల్లూరు. మనకు వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను వస్తే ఆ రోడ్డు పక్కన మోకాలి లోతు నీళ్లు నిలబడతాయి. అప్పుడు ఫెయిలు. ఫెయిలు కిందే లెక్కేశాను.

ఫిబ్రవరి 4

ఓనరు గారి గదిలో గంటన్నర. తేలింది ఇది.

ఇసుకలో 430 మీటర్లు: కే7 డీఐ, మామూలు పూతతో. రోడ్డు పక్క 680 మీటర్లు: అదే కే7 డీఐ, పైన 200 మైక్రాన్ల పాలిథీన్ తొడుగు. పర్రలో 740 మీటర్లు: 225 హెచ్‌డీపీఈ.

"మొత్తం డీఐ అన్నావు గదయ్యా మొన్న" అన్నారు ఆయన. అన్నాను, నిజమే. మీటరు చూశాక మనసు మార్చుకున్నాను. పర్రలో తొడుగు వేసినా ఒక్క చిరుగు చాలు, తుప్పంతా ఆ చిరుగు దగ్గరే కూడుతుంది. పైగా నూట యాభై కిలోలకు పైబడిన పైపును ఆ బురదలోకి మోసేదెట్లా? హైడ్రా క్రేను దిగితే తిరిగి రాదు. హెచ్‌డీపీఈకి ఉప్పంటే లెక్కలేదు. దాని భయం వేరు: గుంటల గట్లు ఏటా పొక్లెయిన్‌తో సరిచేస్తారు. పొక్లెయిన్ పంటికి ప్లాస్టిక్కు ఆగదు. అందుకు పైన హెచ్చరిక టేపు, ఇరవై మీటర్లకో రాయి. గుంటల వాళ్లందరికీ నేనే స్వయంగా చూపించి వస్తాను.

మరి రోడ్డు పక్కన కూడా హెచ్‌డీపీఈ వెయ్యొచ్చుగా? ఇది ఆయన అడిగింది కాదు, రాత్రి నాకు నేను వేసుకున్న ప్రశ్న. వెయ్యొచ్చు. కానీ అక్కడ రేపు కేబుల్ వాళ్లు తవ్వుతారు, లారీలు అంచు దిగుతాయి, మట్టిని చుట్టూ శ్రద్ధగా దిమ్మిస చేసే ఓపిక మన దగ్గర తక్కువ. హెచ్‌డీపీఈ మోసే బరువంతా చుట్టూ ఉన్న మట్టి ఇచ్చే ఆసరా మీదే. డీఐ తన బలం మీద తాను నిలబడుతుంది. మన పనితనం ఎంతో తెలిసినవాణ్ని కాబట్టి అక్కడ ఇనుమే.

ఫిబ్రవరి 15

పైపులు వచ్చాయి. 206 తెప్పించాం, అవసరం 202. డీఐ పైపులు పోసే ఫ్యాక్టరీ శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలోనే ఉండడం మన వైపు వాళ్లకు కలిసొచ్చే సంగతి, లారీ బాడుగ తక్కువలో పోతుంది.

దించేటప్పుడు తప్పు మాదే. బెల్టులు తెచ్చేలోపల తొందరపడి రెండు పైపులకు రెండు చివర్లా కొక్కేలు తగిలించి లేపారు. చివర్లో సిమెంటు పూత అరచెయ్యంత రాలింది. ఆ రెండింటినీ పక్కన పెట్టి, రాలిన మేర కోసి చిన్న ముక్కలకు వాడుకుందామని రాసుకున్నాను. మిగతా వాటిల్లో కొన్నింట లోపల వెంట్రుకంత పగుళ్లు కనపడితే మేస్త్రీ కంగారుపడ్డాడు. వాటికి భయం లేదు. నీళ్లు తగిలాక సిమెంటు ఉబ్బి, సున్నం పేరుకుని, వాటంతట అవే పూడుకుంటాయి. రాలిపోయిన పూత వేరు, గీత పడ్డ పూత వేరు.

రబ్బరు రింగులు మాత్రం నా గదిలో పెట్టి తాళం వేశాను. ఎండలో పడేస్తే రబ్బరు పాడవుతుంది.

ఫిబ్రవరి 21

రోజుకు ఇరవై పైపులు పడుతున్నాయి. ఇసుకలో పని సులువనుకున్నాం గానీ గాడి గట్లు కూలిపోతూ విసిగించాయి.

పద్ధతి ఇది. సాకెట్ (పక్క పైపు మూతి దూరే వెడల్పాటి చివర) కింద చిన్న గుంట తీస్తాం, పైపు నడుం మొత్తం నేల మీద ఆనాలి, సాకెట్ మీద వేలాడకూడదు. సాకెట్ లోపల గుడ్డతో తుడిచి, రింగును గుండె ఆకారంలో మడిచి లోపల కూర్చోబెట్టి, గట్టి అంచు గాడిలో పడిందో లేదో వేలితో చుట్టూ తడుముతాం. రింగుకూ పైపు మూతికీ సోపు పేస్టు రాసి, తిన్నగా పట్టి, చైన్ పుల్లరుతో లాగుతాం. పైపు మూతి మీద ఫ్యాక్టరీ వాళ్లు వేసిన రెండు తెల్ల గీతలుంటాయి. సాకెట్ అంచు వాటి మధ్య ఆగాలి. తర్వాత పల్చటి స్టీలు స్కేలు దూర్చి చుట్టూ రింగు లోతు ఒకేలా ఉందో చూస్తాం. ఒక్కచోట ఎక్కువ దిగితే రింగు జారినట్టే, విప్పి మళ్లీ వెయ్యాలి. ఇప్పటికి రెండు విప్పాం.

పొక్లెయిన్ బకెట్‌తో నెట్టేస్తే నిమిషంలో అయిపోతుందని ఆపరేటరు రోజూ అంటాడు. రోజూ వద్దంటాను. బకెట్‌కు రింగు జారిన సంగతి తెలియదు, చేతికి తెలుస్తుంది.

రోడ్డు మలుపు దగ్గర బెండు అక్కర్లేకపోయింది. ఈ జాయింటు రకాన్ని మూడు డిగ్రీలు నిశ్చింతగా వంచొచ్చు. ఐదున్నర మీటర్ల పైపుకు అది దాదాపు 29 సెంటీమీటర్లు. ముందు తిన్నగా తొడిగి, తర్వాత వంచాలి. వంచి తొడిగితే రింగు చిరుగుతుంది. ఆరు పైపుల్లో మలుపు తిరిగిపోయింది. మేస్త్రీ వెనక్కి తిరిగి చూసి "పాము మాదిరి భలే పోయినాది సార్" అని మురిసిపోయాడు.

ఫిబ్రవరి 26

తిట్టాను. అరవాల్సినంత అరిచాను కూడా.

మధ్యాహ్నం సోపు పేస్టు అయిపోతే నాకు చెప్పకుండా ఒక కుర్రాడు బేరింగు గ్రీజు రాసి మూడు జాయింట్లు తొడిగాడు. చూడ్డానికి చక్కగా నున్నగా దిగాయి. గ్రీజు పెట్రోలియం సరుకు. ఈ రింగుల రబ్బరు ఈపీడీఎం. నీళ్లకు, క్లోరినుకు ఆగుతుంది గానీ నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది. ఈరోజు టెస్టు చేస్తే పాసవుతుంది. రెండేళ్లకు కారుతుంది, అప్పుడు ఎందుకో ఎవరికీ తెలియదు. మూడూ విప్పించి, రింగులు పారేసి, పైపు మూతులు సోపు నీళ్లతో కడిగించి కొత్తవి వేయించాను. సగం రోజు పోయింది.

కుర్రాడు సాయంత్రం వచ్చి "తెలీక చేశా సార్" అన్నాడు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, మొదటిరోజే చెప్పకపోవడం నాది. స్టోరు తలుపు మీద "రింగుకు సోపు మాత్రమే" అని చాక్‌పీసుతో పెద్దక్షరాలతో రాయించాను.

మార్చి 3

రోడ్డు పక్క తొడుగు పని. గొట్టంలా ఉన్న పాలిథీన్‌ను పైపు గాల్లో ఉండగానే తొడిగి, సాకెట్ దాటించి, పక్క పైపు తొడుగు మీదికి కప్పి, టేపు చుట్టాలి. నెమ్మదైన పని. చిరిగిన చోట ముక్క అతికించాం. తొడుగు నీళ్లు చొరకుండా ఆపదు, అది దాని పని కూడా కాదు. లోపలికి చేరిన కాసిని నీళ్లు అక్కడే నిలిచిపోయి, వాటిలోని ప్రాణవాయువు అయిపోయాక తుప్పు మందగిస్తుంది. మారని నీళ్లు, మట్టి తగలని ఇనుము: అదీ దాని గుట్టు.

బెండ్ల కింద కాంక్రీటు. టెస్టు ప్రెషరు ఆరు బార్లు అనుకున్నాం. ఆరు బార్లంటే వినడానికి చిన్నదే. కానీ 90 డిగ్రీల మలుపులో నీళ్లు బెండును బయటికి తోసే బలం మూడు టన్నుల పైనే. 45 డిగ్రీల దగ్గర టన్నుముప్పావు. ఈ సాకెట్ జాయింటు నీళ్లను ఆపుతుంది కానీ లాగుడును ఆపదు, నెడితే ఊడి వస్తుంది. ఈ బంకమట్టిని చదరపు మీటరుకు ఐదు టన్నులకు మించి నమ్మలేదు, కొంచెం మిగులు పెట్టుకుని 90 డిగ్రీల మలుపు దగ్గర మీటరు వెడల్పు, మీటరు ఎత్తు దిమ్మె పోశాం. కాంక్రీటు వెనక తవ్వని మట్టి ఉండాలి. పూడ్చిన మట్టి మీద దిమ్మె ఆనిస్తే పరుపు మీద ఆనించినట్టే.

మార్చి 9

పర్రలో హెచ్‌డీపీఈ వెల్డింగు అయిపోయింది. పన్నెండు మీటర్ల ముక్కలు గట్టు మీదే అతికి, ఒక్క తాడులా లాక్కుపోయాం. దీని గురించి రాయడానికి పెద్దగా లేదు, వెల్డరు పని తెలిసినవాడు. డీఐకి ఫ్లాంజుతో, అంటే బోల్టులతో బిగించే అంచుతో కలిపాం.

పెద్దగా లేదు అని రాశాను, ఈ మాట గుర్తుంచుకోవాలి.

మార్చి 15

డీఐ ముక్కను మూడు రోజుల కింద విడిగా టెస్టు చేశాం, ప్రెషరు గేజి ముల్లు కదల్లేదు. ఈరోజు మొత్తం లైను. మధ్యాహ్నం పన్నెండుకు నింపడం మొదలు, గాలి పోనిచ్చి, మూడింటికి ఆరు బార్లకు తెచ్చాం. అరగంటకు ఐదున్నరకు దిగింది. హెచ్‌డీపీఈ మొదట కాస్త సాగి ప్రెషరు తగ్గడం మామూలే కాబట్టి మళ్లీ పంపు కొట్టాం. నాలుగున్నరకు ముల్లు ఒక్కసారిగా పడిపోయింది. ప్లాస్టిక్కు, ఇనుము కలిసే చోటు పక్కన నీళ్లు గాడిలోంచి పైకి లేస్తున్నాయి.

పంపు ఆపి నీళ్లు తోడి చూస్తే ఫ్లాంజు భేషుగ్గా ఉంది. కారింది దాని పక్క డీఐ జాయింటు. నేను స్వయంగా చూసి ఓకే అన్న జాయింటు. తెల్ల గీతలు సాకెట్‌కు మూడు అంగుళాలు బయట ఉన్నాయి.

మేస్త్రీ, "ఎవురో లాగినట్టుందే" అన్నాడు.

లాగింది ఎవరో రాత్రికి అర్థమైంది. హెచ్‌డీపీఈ పైపులో ప్రెషరు పెంచితే అడ్డంగా ఉబ్బుతుంది. ఉబ్బినదల్లా పొడవులో కుంచించుకుపోతుంది. మన ప్రెషరుకు, ఈ మందానికి లెక్క వేస్తే మీటరుకు రెండు మూడు మిల్లీమీటర్లు. మట్టి పూడ్చి ఉంటే మట్టి పట్టుకుంటుంది. కానీ కలిపిన చోటు నుంచి అరవై మీటర్లు జాయింట్లు కంటికి కనపడాలని నేనే తెరిచి ఉంచమన్నాను. ఆ అరవై మీటర్లు కుంచించుకుని, ఫ్లాంజును పట్టుకుని, దాని వెనకున్న డీఐ మూతిని సాకెట్లోంచి లాగేసింది. దానికి తోడు మధ్యాహ్నం ఎండకు వేడెక్కి ఉన్న ప్లాస్టిక్కు చల్లటి బోరు నీళ్లతో ఇంకొంచెం ముడుచుకుంది.

రెండు మంచి పైపులు ఎంచుకున్నాను. ఒక్కోదాన్ని విడివిడిగా చూస్తే తప్పు లేదు. అవి కలిసే చోటును మాత్రం ఎంచుకోలేదు, ఫ్లాంజు పెట్టి వదిలేశాను. కొటేషన్లు పోల్చే పట్టికలో ఆ చోటుకు గడే లేదు.

నిద్ర పట్టలేదు. రేపు ఓనరు గారికి చెప్పాలి.

మార్చి 16

చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఎన్ని రోజులు?" ఆరు రోజులన్నాను. "సరే" అన్నారు. తిడితే ఇంకా తేలిగ్గా ఉండేది.

మార్చి 22

కలిసే చోట డీఐ వైపు, నడుముకు కాలరు ఉన్న ఫ్లాంజు ముక్క ఒకటి వేసి, ఆ కాలరు మధ్యలో పడేలా ఒకటిన్నర మీటర్ల చదరం, మీటరు లోతు కాంక్రీటు దిమ్మె పోశాం. ప్లాస్టిక్కు లాగే బలం నా లెక్కకు ప్రెషరుకు రెండు టన్నులు, చల్లదనానికి ఇంకో టన్ను చిల్లర. దిమ్మె బరువే ఐదు టన్నులు దాటుతుంది, ముందున్న మట్టి ఆసరా అదనం. హెచ్‌డీపీఈ గాడి మొత్తం పూడ్చేశాం, తెల్లవారుజామున, పైపు చల్లగా ఉన్నప్పుడు. కాంక్రీటు ఆరడానికి వారం ఆగాలి.

మార్చి 30

ఆరు బార్లు, రెండు గంటలు. హెచ్‌డీపీఈ సాగుడు పోను ముల్లు నిలబడింది. తెల్ల గీతల దగ్గర ముందే సున్నంతో గుర్తు పెట్టి ఉంచాను, గుర్తు కదల్లేదు. మేస్త్రీ టెంకాయ కొట్టాడు.

ఏప్రిల్ 2

లైను కడగడం. లోపల పట్టే నీళ్లు సుమారు 60 వేల లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిను రావాలంటే మూడు కిలోల క్లోరిను. మన బ్లీచింగు పౌడరులో నాలుగోవంతే పనికొస్తుందని లెక్కేసి పన్నెండు కిలోలు కలిపి, ఒక రోజంతా నిలబెట్టి వదిలాం. తర్వాత ల్యాబు వాళ్లు పీహెచ్ 9.3 అని కాగితం పట్టుకొచ్చారు, ముఖాల్లో టెన్షన్. కొత్త సిమెంటు పూత సున్నం వదులుతుంది, మొదట్లో అంతే. ఇంకో రెండుసార్లు నింపి వదిలాక 8.4. ఐసు ప్లాంటుకు ఈ సాయంత్రం నీళ్లు ఇచ్చాం. రొయ్యల సెక్షనుకు ల్యాబు ఒప్పుకున్నాక ఇస్తాం.

పనులు మిగిలే ఉన్నాయి. గాలి వాల్వు గదికి మూత రాలేదు. గుంటల మధ్య రాళ్లు ఇంకా పదకొండు పాతాలి. నేను నేల కొలిచింది వానలు వెళ్లిన కొత్తలో, తడి ఎక్కువ ఉన్నప్పుడు. మే నెల ఎండల్లో అదే చోట మళ్లీ కొలిచి రాసిపెట్టాలి.

మిగిలిన కోత ముక్కల్లో రెండు తీసుకుని, ఒకదానికి తొడుగు వేసి, ఒకటి ఉత్తదే ఉంచి, పర్రలో మీటరు లోతున పక్కపక్కనే పాతాను. వచ్చే ఏడు ఇదే నెలలో తవ్వి చూడాలి. పర్ర గురించి నేను భయపడింది ఎంత నిజమో అవే చెప్తాయి. పైన రాయి నిలబెట్టి ఎర్ర పెయింటుతో తేదీ రాస్తుంటే, గుంటకు మేత వేసి పోతున్న పెద్దాయన ఆగాడు.

"ఏం పాతిపెట్టినారు సామీ?"

"ఇనప ముక్కలు."

"ఎందుకు?"

"తుప్పు పడుద్దో లేదో చూద్దామని."

ఆయన రాయి వంక, నా వంక కాసేపు చూసి, "అది చూసేదానికి రాయి గూడా ఎందుకు, నన్నడిగితే చెప్తా గదా" అని వెళ్లిపోయాడు.